బొమ్మలోని దుష్టుడు – డబ్బాలోని దుష్టుడు



సంక్రాంతి సెలవులకు ముందు మా బడిలో బొమ్మల కొలువు పెట్టడం అలవాటు. భీమవరంలో భోగినాడు ఇళ్లలో పెట్టే కొలువు మీలో చాలామందికి తెలిసినదే. సీతారాములు, పెళ్లి ఊరేగింపు, కూరగాయల అంగడి, అంబారీ ఏనుగు – ఇవి లేని కొలువు ఉండదు. కిందటేడు పదో తరగతి పిల్లలకు ఒక కొత్త ఊహ వచ్చింది. "మంచివాళ్లు ఏటా ఉంటూనే ఉన్నారు కదండీ మాస్టారూ, ఈసారి ఒక మెట్టు మీద దుష్టులనే కూర్చోబెడతామండి" అన్నారు. సరేనన్నాను. పది తలల రావణుడు వచ్చాడు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' సినిమాలోని నేపాళ మాంత్రికుడు కాలువగట్టు మట్టితో తయారయ్యాడు. మూడోవాడు మాత్రం ఇంగ్లండు నుంచి దిగాడు. పొడుగు టోపీ, నల్లకోటు, చేతికర్ర. అతని పేరు హైడ్.

ఈ హైడ్ ఎవరో చెప్పుకొందాం. విక్టోరియా రాణి ఇంగ్లండును 1837 నుంచి 1901 వరకు ఏలింది. ఆ కాలంలో, 1886లో, స్టీవెన్సన్ అనే స్కాట్లండు రచయిత ఒక చిన్న నవల ప్రచురించాడు. జెకిల్ అనే మంచి డాక్టరు తానే కలిపిన మందు తాగి హైడ్ అనే క్రూరుడుగా మారిపోతూంటాడు. మళ్లీ మందు తాగితే జెకిల్ అవుతాడు. చివరకు మందులో కలిపే లవణం అయిపోతుంది. కొత్తగా తెప్పించిన లవణం పనిచేయదు. మొదట కొన్న సరుకులో ఏదో తెలియని మలినం ఉండేదనీ, అసలు పని చేసింది ఆ మలినమేననీ అప్పుడుగాని అతనికి అర్థం కాదు. పొడిలో ఏముందో తెలియకుండా నోట్లో వేసుకొన్న మనిషి కథ అన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్లీ పని పడుతుంది.

మూడంగుళాల హైడ్ బొమ్మకు రంగులు వేసే పని ఒక అమ్మాయి తీసుకొంది. మంచి చేయి. సాయంత్రం నేను తరగతి గదిలోకి వెళ్లేసరికి బొమ్మ మీద వంగి ఉంది. తల ఎత్తగానే చూచాను. పెదవుల మధ్య పచ్చరంగు!

"ఏమ్మా, హైడ్‌కు వేయమంటే నీకే వేసుకొన్నావా?" అన్నాను.

"కుంచె నోట్లో పెట్టి తడిపితేనే మొన తేలుద్దండి మాస్టారూ. మా తాతగారు సైన్‌బోర్డులు రాసేవారు. ఆయన ఇలాగే చేసేవారండి" అంది.

బల్లమీద ఆ తాతగారి రేకుడబ్బా ఉంది. అందులో పొట్లాలు కట్టిన రంగుల పొడులు. ఒకదాని మీదా పేరు లేదు. ఆ అమ్మాయిచేత వెంటనే నోరు బాగా కడిగించి, వాళ్ల అమ్మగారికి కబురు చేసి, డాక్టరుగారికి చూపించాం. అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. కాని ఆ డబ్బా సంగతి మీ అందరికీ చెప్పాలనిపించింది. ముందు బొమ్మకు రంగులు ఎలా వేయాలో చూద్దాం. దారిలో ఆ డబ్బా దగ్గరకే వస్తాం.

మూడంగుళాల మనిషి ఎంత దూరంలో ఉన్నాడు?

చిన్న బొమ్మకు రంగు వేసేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మనిషి ముఖంలో గీతలు ఎంత సన్నగా ఉంటాయో బొమ్మలోనూ అంత సన్నగా గీయబోతారు. తీరా చూస్తే ముఖం చదునుగా, సున్నం కొట్టిన గోడలా కనిపిస్తుంది. ఎందువల్ల?

లెక్క వేయండి. మనిషి ఎత్తు 66 అంగుళాలు అనుకొందాం. బొమ్మ 3 అంగుళాలు. అంటే మనిషి 22 రెట్లు పెద్ద. బొమ్మను అడుగు దూరంలో పెట్టి చూడడమంటే, నిజం మనిషిని 22 అడుగుల దూరం నుంచి చూడడమే. రెండూ కంటిదగ్గర ఒకే కోణం చేస్తాయి. మామూలు కన్ను దాదాపు ఒక నిమిషం కోణం వరకు, అనగా డిగ్రీలో 60వ వంతు వరకు, రెండు చుక్కలను విడివిడిగా గుర్తించగలదు. 22 అడుగుల దూరాన ఆ కోణానికి సరిపడే వెడల్పు దాదాపు 2 మిల్లీమీటర్లు. అంతకంటే సన్నని ముడతలు ఆ దూరం నుంచి స్పష్టంగా కనిపించవు.

మా ఊళ్లో మావుళ్లమ్మ ఉత్సవాలకు నాటకాలు వేస్తారు. ఎప్పుడైనా తెర వెనక్కి వెళ్లి నటుణ్ణి దగ్గరగా చూచారా? కనుబొమలు బొగ్గుతో దిద్దినట్లు, బుగ్గల కింద గోధుమరంగు చారలు, ముక్కు పక్కన తెల్లగీత – నవ్వు వస్తుంది. వెళ్లి కుర్చీల్లో కూర్చుంటే అదే ముఖం రావణుడిలా జడిపిస్తుంది. దూరం మింగేసే నీడలను ముందుగానే లావుగా గీసిపెట్టడమే ఆ కిటుకు. మన మూడంగుళాల హైడ్ కూడా 22 అడుగుల అవతల రంగస్థలం మీద ఉన్నవాడే. అంచేత అతని నీడలను ఉన్నవాటికంటే ముదురుగా, వెలుగులను ఉన్నవాటికంటే లేతగా వేయాలి.

అస్తరు పూత

మట్టిబొమ్మ బాగా ఆరాలి. లోపల తడి ఉంటే అది బయటికి వచ్చేటప్పుడు రంగును పొరలుగా లేపేస్తుంది. కొండపల్లి కళాకారులు ఈ విషయంలో ఎంతో జాగ్రత్త పడతారు. వాళ్లు తెల్లపొణికి అనే తేలికైన కర్రలోని తడిని పోగొట్టి, బొమ్మ చెక్కి, చేతులు కాళ్లు విడిగా చేసి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన 'మక్కు'తో అతికిస్తారు. దానిపై తెల్లని పూత పూసి, ఆ తరువాతే రంగుల జోలికి వెళతారు.

తెల్లపూత ఎందుకు? రంగుపొర పలుచనిది. దాని గుండా దూరిన కాంతి కింది పొరను తాకి మళ్లీ వెనక్కి వస్తుంది. కింద తెలుపు ఉంటే చాలా కాంతి వెనుదిరుగుతుంది, రంగు మెరుస్తుంది. కింద నల్లమట్టి ఉంటే అది కాంతిని మింగేస్తుంది, రంగు చచ్చిపోతుంది. మీరు నల్లబల్ల సుద్దముక్కను మెత్తగా నూరి, నానబెట్టిన తుమ్మజిగురులో కలిపి పలుచగా రెండు పూతలు వేయండి.

దుష్టుణ్ణి చేసేది వెలుగు

ఇప్పుడొక ప్రయోగం. రాత్రిపూట దీపం ఆర్పి, అద్దం ముందు నిలబడి, టార్చిలైటును గడ్డం కింద నుంచి పైకి వేసుకోండి. మీ ముఖమే మీకు భయం పుట్టిస్తుంది. పగలు సూర్యుడు, రాత్రి దీపం – మన కళ్లు పుట్టినప్పటి నుంచి పైనుంచి పడే వెలుగుకే అలవాటు పడ్డాయి. ముక్కు కింద, గడ్డం కింద నీడ ఉండాలని మెదడు ఎదురుచూస్తుంది. అక్కడ వెలుగూ, నుదుటి మీద చీకటీ కనిపిస్తే, తెలిసిన ముఖమే తెలియనిదవుతుంది.

అందుకని మా పిల్లలు హైడ్ ఎడమచేతికి, కథలో లేకపోయినా, ఒక లాంతరు తగిలించారు. మట్టిలాంతరు వెలగదు కదా? దాని వెలుగును రంగుతోనే వేయాలి. గడ్డం అడుగున, ముక్కు అడుగున, టోపీ అంచు అడుగున లేత పసుపు. బుగ్గల పైభాగం, నుదురు ముదురు. ఎంత పసుపు వేయాలో కూడా భౌతికశాస్త్రమే చెబుతుంది. చిన్న దీపం నుంచి దూరం మూడు రెట్లయితే అక్కడ పడే వెలుగు తొమ్మిదో వంతు అవుతుంది. లాంతరు లోకోటుకు అర అంగుళం దూరంలో, ముఖానికి అంగుళంన్నర దూరంలో ఉంటే, లోకోటు బాగా వెలగాలి, ముఖం మసకగా ఉండాలి.

ఒంటి రంగు సంగతి. ఆరోగ్యంగా ఉన్న ముఖంలో చర్మం కింది రక్తం వల్ల కొంత ఎరుపుజీర ఉంటుంది. ఆ ఎరుపును తగ్గించి, నీడల్లో చుక్క ఆకుపచ్చ కలిపితే ముఖం పాలిపోయి శవకళ వస్తుంది. ఇక కోటుకు ఉత్త నలుపు వేయకండి. నలుపు దాదాపు కాంతి అంతటినీ మింగుతుంది కనుక ముడతలు కనిపించవు. నలుపులో కొంచెం నీలం కలిపి, ముడతల గట్లమీద ఇంకొంచెం తెలుపు చేర్చండి.

మిగిలింది లోకోటు. ఆ అమ్మాయి దానికి మిలమిలలాడే ఆకుపచ్చ ఎంచుకొంది. తాతగారి డబ్బాలోని పచ్చపొడి. ఇక్కడ ఆగుదాం.

పచ్చగా మెరిసిన విషం

విక్టోరియా కాలంలో నిజంగా ప్రాణాలు తీసిన రంగు నలుపు కాదు, ఆకుపచ్చే. 1775లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే రాగినీ ఆర్సెనిక్కునూ కలిపి ఒక చక్కని పచ్చరంగు తయారుచేశాడు. 1814లో జర్మనీలో దానికంటే మెరుగైనది వచ్చింది. దానికి ఎమరాల్డ్ గ్రీన్, పారిస్ గ్రీన్ అని పేర్లు. ఆర్సెనిక్ అంటే మనవాళ్లు పాషాణం అనే జాతి విషం. అయినా రంగు అందమైనది, చవకైనది. గోడలకు అంటించే కాగితాలు, గౌనులు, కాగితపు పూలు, పిల్లల ఆటబొమ్మలు – అన్నిటికీ అదే పూశారు.

1861లో లండనులో మటిల్డా షూరర్ అనే 19 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమె పని గుడ్డతో చేసిన ఆకులమీద ఈ పచ్చపొడి చల్లడం. ఊపిరితోనూ, చేతులు కడగకుండా తిన్న తిండితోనూ పొడి లోపలికి పోయింది. చివరి రోజుల్లో ఆమె కంటి తెల్లగుడ్డు పచ్చబడిందనీ, చూచినదల్లా పచ్చగా కనబడుతోందని ఆమె చెప్పిందనీ అప్పటి రికార్డులు చెబుతున్నాయి. తరువాతి కాలంలో ఇదే పారిస్ గ్రీన్ పొడిని పంటల మీద పురుగుమందుగా వాడారు. మన దేశంలో దోమపిల్లలను చంపడానికి నీటిగుంటల మీద చల్లారు. రంగు అని కొన్నది పురుగులమందే!

ఇదంతా దొరలదేశంలో సంగతి అనుకోకండి. మన పాత చిత్రకారుల రంగులలో పసుపుపచ్చకు హరిదళం ఉండేది. అది ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం. ఎరుపుకు ఇంగిలీకం, అందులో పాదరసం. సిందూరంలో సీసం. తెలుపుకు సీసపు సఫేదా. ఇవన్నీ కొండల్లో దొరికేవీ, లోహాలతో చేసేవీ. కనుక 'ప్రకృతి నుంచి వచ్చింది, ఏమీ కాదు' అనే మాట నమ్మకండి. పదార్థం ఏమిటో తెలియాలి.

రంగుల పనివాళ్లకు వచ్చే జబ్బుల గురించి ఇటలీ వైద్యుడు రామజీని 1700లోనే తన గ్రంథంలో రాశాడు. సీసం ఒంట్లో చేరితే కడుపునొప్పి, రక్తహీనత వస్తాయి. మణికట్టు పట్టు తప్పి చేయి వేలాడిపోవడమూ ఉంది. ఎదిగే పిల్లల మెదడుకు అది మరీ చేటు. ఈ మాట చెబుతూంటే ఆ అమ్మాయి నెమ్మదిగా, "మా తాతగారికి ఆఖర్న చేయి అలాగే వాలిపోయిందండి. కుంచె పట్టలేకపోయేవారు. వయసు మీదపడింది కదా అనుకొన్నామండి" అంది. అది రంగువల్లేనని ఇప్పుడు ఎవరూ రుజువు చేయలేరు. వయసువల్ల కూడా కావచ్చు. కాని పేరులేని పొడులను యాభై ఏళ్లు నోటితో రుచి చూచిన మనిషి ఆయన. ఆయనకు ఎవరూ చెప్పలేదు. మీకు చెప్పకపోతే తప్పు నాది.

నోట్లో కుంచె పెట్టడం ఎంత ప్రమాదమో లోకానికి బాగా తెలిసిన ఉదంతం అమెరికాలో జరిగింది. 1917 నుంచి అక్కడ గడియారాల ముఖాలమీద చీకట్లో వెలిగే అంకెలను రేడియం కలిసిన రంగుతో వేసేవారు. పనిచేసేది ఎక్కువగా పడుచు అమ్మాయిలే. పెదవులతో కుంచె మొన తేల్చమని వారికి నేర్పారు. రేడియం ఎముకల్లో చేరింది. దవడలు కుళ్లాయి. చాలామంది చనిపోయారు. ఐదుగురు స్త్రీలు కోర్టుకెక్కగా, 1928లో వారికి పరిహారం ఒప్పందం కుదిరింది. ఒక చిన్న అలవాటు ఎంత పని చేసిందో చూడండి.

మొన తేల్చేది నోరు కాదు, నీరు

మరి నోట్లో పెట్టకుండా మొన ఎలా తేలుతుంది? గాజుగ్లాసులో నీళ్లు పోసి, అందులో కుంచెను ముంచి పక్కనుంచి చూడండి. నీటిలో వెంట్రుకలు విడివిడిగా విచ్చుకొని ఉంటాయి. పైకి తీయండి. ఠక్కున దగ్గరికి చేరి మొన కడతాయి. తడి ఒక్కటే కారణమైతే నీటిలోపల కూడా మొన ఉండాలి కదా? అసలు కారణం నీటి ఉపరితలం. నీటిపొర తన వైశాల్యాన్ని వీలైనంత తగ్గించుకోవాలని సాగదీసిన రబ్బరులా లాగుతుంది. దీన్నే తలతన్యత అంటాం. వెంట్రుకల చుట్టూ పట్టుకొన్న ఆ పొర వాటిని ఒక్కచోటికి బిగిస్తుంది. ఈ పనికి ఉమ్మి అక్కరలేదు, మంచినీళ్లు చాలు. కుంచెను నీటిలో ముంచి, తడిగుడ్డమీద మెల్లగా దొర్లిస్తూ లాగితే సూదిలాంటి మొన వస్తుంది. మా పిల్లలచేత చేయించాను. నోటితో చేసినదానికంటే బాగా వచ్చిందని వాళ్లే ఒప్పుకొన్నారు.

మంచి పచ్చ

రాగి చేసిన తప్పేమీ లేదు. 1930లలో వచ్చిన థాలోసయనిన్ అనే రంగులలోనూ రాగే ఉంది. నీటిలో కరగని పెద్ద అణువు మధ్యలో రాగి బిగుసుకొని ఉంటుంది. ఆర్సెనిక్ ఉండదు. నేడు చాలా రంగులలోని నీలం, ఆకుపచ్చ ఇవే. మన దేశంలో 2016లో చేసిన నియమాల ప్రకారం, 2017 నవంబరు 1 నుంచి ఇళ్లకు వేసే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదు. అంటే కిలో రంగులో 90 మిల్లీగ్రాములు. ఆ నియమానికి ముందు తయారైన పాత డబ్బాలకు ఈ భరోసా లేదు. అదీ జ్ఞాపకం ఉంచుకోండి.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడుకర్ర బొమ్మలకు లక్కతో రంగులు పట్టిస్తారు. అక్కడ సి.వి. రాజుగారు పసుపు, నీలిమందు, జాఫ్రాగింజల వంటి మొక్కల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మీరూ ఇంట్లో చేసికోవచ్చు. కొమ్ములు కొని దంపించిన పసుపు – పచ్చ. ఎర్రమట్టి – ఎరుపు, దానిలో ఉండేది తుప్పులాంటి ఇనుప ఆక్సైడే. దీపపు మసి – నలుపు. పసుపూ నీలిమందూ కలిపితే ఆకుపచ్చ. అన్నిటికీ జిగురు తుమ్మజిగురే. ఒక హెచ్చరిక: ఈ పసుపును సున్నం పూత మీద వేయకండి. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పారాణి నీళ్లు కలిపేటప్పుడు మీ అమ్మగారు చేసేది ఇదే కదా! అందుకే అస్తరుకు సుద్దముక్క చెప్పాను. పసుపు ఎండకు వెలిసిపోతుంది కూడా. కొలువు మూడునాళ్లే కనుక ఫరవాలేదు. ఎక్కువ కాలం నిలవాలంటే విషరహితమని ముద్రించిన నీటిరంగులు కొనండి. వాటినైనా నోట్లో పెట్టకండి.

ఆ తాతగారి డబ్బాను మేం కాలువలో పారవేయలేదు. మా కాలువనీళ్లే తాగుతాం, వాటితోనే చేపల చెరువులు నింపుతాం. మూత బిగించి, 'పేరు తెలియని రంగులు – ముట్టరాదు' అని చీటీ అంటించి, లాబొరేటరీ బీరువాలో తాళం వేశాను. ప్రమాదకరమైన వ్యర్థాలు తీసుకొనేవారికి అప్పగించేదాకా అక్కడే ఉంటుంది. ఆ అమ్మాయి తాతగారి కుంచెలు మాత్రం సబ్బుతో శుభ్రంగా కడిగి దాచుకొంది.

కొలువు రోజున హైడ్ పసుపూ నీలీ కలిపిన పచ్చ లోకోటుతో నిలబడ్డాడు. చిన్న పిల్లలు రావణుణ్ణి చూచి నవ్వారుగాని, అతన్ని చూచి వెనక్కి తగ్గారు. ఆ బొమ్మ చేయగల కీడు అంతే. అసలు దుష్టుడు బీరువాలో తాళం వెనుక ఉన్నాడు. వాడికి టోపీ లేదు, చేతికర్ర లేదు. ఎంతో అందంగా పచ్చగా మెరుస్తూంటాడు.

ఆలోచించండి

1. బొమ్మ ఎత్తు 6 అంగుళాలైతే, అడుగు దూరం నుంచి చూడడం నిజం మనిషిని ఎంత దూరం నుంచి చూడడంతో సమానం?

2. సబ్బునీటిలో ముంచి తీసిన కుంచె మొన మంచినీటిలో కంటే బిగుతుగా ఉంటుందా, వదులుగా ఉంటుందా? చేసి చూడండి.

3. మీ ఇంట్లో పేరులేని పొడి డబ్బా ఏదైనా ఉందా? మూత తీయకండి. పెద్దవాళ్లకు ఈ వ్యాసం చదివి వినిపించండి.